ఆరు టీ షర్టుల అభియోగం

3వ తేదీ, మంగళవారం

మా వక్తృత్వ సంఘంలో ఒక పని జరగాలంటే పదకొండు అభ్యంతరాలూ రెండు చేతులూ కావాలి. అభ్యంతరాలు ఎవరివైనా కావచ్చు, చేతులు మాత్రం ఎప్పుడూ నావే. డిబేట్ సెమీఫైనల్ పదకొండో తేదీన. పన్నెండు మందిమీ ఒకే రకం టీ షర్టులు వేసుకుని ముందు వరుసల్లో కూర్చోవాలని తీర్మానించాం. అచ్చు వేసే దుకాణం వాడు రెండు వారాలు పడుతుందన్నాడట. "అయితే మానేద్దాం," అన్నాడు కార్యదర్శి. ఏ చిక్కుకైనా అతనికి మొదట తోచే పరిష్కారం అదే.

"ఇంట్లోనే చేసుకోవచ్చు," అన్నాను. "ట్రాన్స్‌ఫర్ షీట్ మీద ప్రింట్ తీసి, బట్ట మీద బోర్లా వేసి, వేడి ఇస్త్రీ పెట్టెతో నొక్కితే అక్షరాలు బట్టకి అంటుకుంటాయి. మా ఇంట్లో ఇస్త్రీకి కొదవ లేదు."

"మా ఇంట్లో ప్రింటర్ ఉంది," అంది తూకం.

మూడేళ్ళుగా నా పక్కన రెండో వక్తగా కూర్చుంటున్న మనిషి. ప్రతి మాటనూ తూచి గాని బయటికి వదలదని నేనే ఆ పేరు పెట్టాను. ఆ మనిషి ఈరోజు రెప్పపాటైనా ఆగకుండా తన ప్రింటర్‌ను సమర్పించింది. గమనించాను, అంతే. గమనించడం నేరం కాదు.

షర్టు మీద వేయవలసిన మాట కూడా నాదే: "ముందు వినండి." తొమ్మిది మంది చేతులెత్తారు. తూకం ఎత్తకుండా, "ఎవరికి చెప్తున్నాం ఇది?" అని అడిగింది. ప్రశ్న అడగడం కూడా ఒక ఎత్తుగడే. ఆ సంగతి ఆమెకు నేర్పింది నేనే.

5వ తేదీ, గురువారం

నా పాత తెల్ల టీ షర్టు మీద ప్రయోగం చేశాం, మా వంటింటి గట్టు మీద. తూకం షీట్ తెచ్చింది. అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. బోర్లా వేస్తే సరిగ్గా పడతాయి.

షీట్లతో పాటు వచ్చిన సూచనల కాగితం చదివాను. ఆవిరి వాడరాదు. మెత్తని బల్ల వాడరాదు. బట్టను ముందుగా ఉతికి, పూర్తిగా ఆరబెట్టవలెను. బట్టపై ఏ విధమైన పూతా ఉండరాదు. చల్లారక మునుపు కాగితం లాగరాదు. ఇన్ని "రాదు"లలో ఒక్క "ఎందుకు" లేదు. కారణం చెప్పని ఆజ్ఞను నేను చదువుతాను, పాటించాలన్న నియమం పెట్టుకోలేదు.

మాతోనే ఉండే మా మేనత్త డ్యూటీ రెండింటికే అయిపోతుంది కనుక ఇంట్లోనే ఉంది. ఇరవై రెండేళ్ళుగా హోటల్ లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తున్న మనిషి ముందు పెట్టె పట్టుకోవడమంటే ఉరిమి చూసే న్యాయమూర్తి ముందు వాదించడమే.

"అలా తోయకే," అంది. "తోస్తే అక్షరాలు పక్కకి నడిచిపోతాయి. నొక్కి పట్టుకుని ముప్పై లెక్కపెట్టు."

"ఒకటి, రెండు, మూడు..."

"మనసులో లెక్కపెట్టుకో తల్లీ. వీధి వీధంతా వినాలా?"

తూకం నవ్వింది. అత్తకు వరసకు ఏమీ కాకపోయినా ఆమె కూడా "అత్తా" అనే పిలుస్తుంది. మా ఇంటికి నాకోసం వచ్చి సగం సేపు అత్త పక్కనే కూర్చుంటుంది. రెండు నెలల కిందట సూపర్‌వైజర్ అత్తను చొక్కాల బల్ల మీద నుంచి దుప్పట్ల మిషన్‌కు మార్చాడు, చేతులు నెమ్మదించాయని. నాకు ఆ సంగతి వారానికి తెలిసింది. తూకానికి ఆరోజే తెలుసు. మా ఇంటి సంగతి నాకంటే ముందు ఆమెకు ఎందుకు తెలియాలి?

అక్షరాలు చక్కగా పడ్డాయి. గోటితో గీకాను. కదలలేదు.

7వ తేదీ, శనివారం

పన్నెండు టీ షర్టులూ వచ్చాయి. మెత్తగా, నీరసంగా, జ్వరం వచ్చి లేచినవాళ్ళలా ఉన్నాయి.

"నీ ఆరు నువ్వు చెయ్, నా ఆరు మా ఇంట్లో చేసేస్తా," అంది తూకం.

"అన్నీ ఇక్కడే కలిసి చేద్దాం."

"అన్నయ్యకి ఎల్లుండి నుంచి ప్రింటర్ కావాలంట. రేపంతా ఇంట్లో కూర్చుని ప్రింట్లు తీయాలి. పనిలో పని నావి అక్కడే అయిపోతాయి. నీ షీట్లు పంపిస్తాలే."

ఆమె ఆరు షర్టులు ఎంచుకుని సంచిలో పెట్టుకుంది. ఎంచుకుంది అనే రాశాను. పైనున్న ఆరూ తీసుకోలేదు.

8వ తేదీ, ఆదివారం

"అత్తా, ఇవి చూడు. వీటిని వేసుకుని వాదిస్తే వినేవాళ్ళకి జాలి తప్ప ఏమీ పుట్టదు."

"టీ షర్టులంటే అంతే ఉంటాయి."

"నిటారుగా నిలబడాలి. మడత పెడితే మడత కనిపించాలి."

"గంజి పెట్టమంటావా? టీ షర్టుకా?" అత్త చాలాసేపు నవ్వింది. "ఇన్నేళ్ళలో ఇలాంటిది అడిగినదానివి నువ్వే."

"నీ వల్ల కాదంటే చెప్పు, పోనీ."

అత్తను ఎక్కడ గిచ్చితే కదులుతుందో నాకు తెలుసు. నవ్వు ఆపేసి ఆరు షర్టులూ మడిచి తన సంచిలో వేసుకుంది. తర్వాత గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"ఒక మాట. బయటి బట్టలు మా మిషన్లలో వేయకూడదు. మా సూపర్‌వైజర్ చెల్లెలు మీ సంఘంలోనే ఉందిగా, ఎవరి చెవినా పడనివ్వకు. పడిందంటే ఆ దుప్పట్ల మిషన్ కూడా ఉండదు నాకు."

"నా నోరు నా అనుమతి లేకుండా తెరుచుకోదు అత్తా."

"అది మూసుకోగా నేనెప్పుడూ చూడలేదు గాని, సరే."

9వ తేదీ, సోమవారం

అత్త తెచ్చిన షర్టులు బల్ల మీద వాటంతట అవే నిలబడ్డాయి. ఆ అంచులు, ఆ తెలుపు. అత్త ఒక్కో షర్టునూ రెండు వేళ్ళతో ఎత్తి, వెలుతురుకు పట్టి చూపించి దించింది. "చొక్కాల బల్ల దగ్గర నా జాగాలో ఇప్పుడున్న పిల్ల ఇలా పెట్టగలదేమో అడుగు," అంది. రెండు నెలల్లో ఆమె కూని రాగం తీయడం ఇదే మొదటిసారి.

తూకం పంపిన షీట్లతో ఆరింటినీ నేనే నొక్కాను. ముప్పై చొప్పున, మనసులోనే లెక్కపెట్టి.

10వ తేదీ, మంగళవారం

తూకం చేసిన ఆరింటినీ చూశాను. మామూలుగా ఉన్నాయి. నావే బాగున్నాయి.

11వ తేదీ, బుధవారం

ముందుగా ఫలితం రాస్తాను, ఎందుకంటే అందరూ దాని గురించే మాట్లాడుతున్నారు: నెగ్గాం. రెండు పాయింట్ల తేడాతో ఫైనల్‌కు వెళ్ళాం.

ఇప్పుడు జరిగింది. హాలు కిటికీలు తెరుచుకోవు. ఫ్యాన్లు గాలిని కదిలించడం మాని కేవలం లెక్కపెడుతున్నాయి. నేను ఖండన మొదలుపెట్టి రెండు నిమిషాలైంది, వెన్ను తడిసింది, ఛాతీ తడిసింది, మంచి ఊపులో ఉన్నాను. చెయ్యి పైకెత్తగానే ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. కిందికి చూస్తే "ముందు" అన్న మాట ఒక పక్క లేచి, ఎండిన రంగు పెచ్చులా వంకర తిరిగి వేలాడుతోంది. నేను చూస్తుండగానే రాలి బల్ల మీద పడింది.

ప్రత్యర్థి జట్టు నాయకుడు లేచి నిలబడ్డాడు. "అధ్యక్షా, వక్త గారి వాదన తర్వాత విందాం. ఆవిడ అక్షరాలు ఆవిడని ఏరుకోనివ్వండి."

హాలంతా నవ్వింది. మా వాళ్ళు కూడా నవ్వారు, ఎవరెవరో గుర్తుపెట్టుకున్నాను. నేను తర్వాత చెప్పిన నాలుగు అంశాలూ నాకే వినబడలేదు. నా చేతి మీదుగా వెళ్ళిన మిగతా ఐదు షర్టుల మీదా అక్షరాలు అంచుల్లో లేచాయి. సూపర్‌వైజర్ చెల్లెలు తన షర్టు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

అప్పుడు తూకం లేచింది. ఆమె ఛాతీ మీద "ముందు వినండి" చెక్కుచెదరకుండా ఉంది. తొందరలేని గొంతుతో నా అంశాలనే ఒక్కొక్కటిగా తీసుకుని, తుడిచి, మళ్ళీ బల్ల మీద పెట్టింది. ఆమె వల్లే నెగ్గామని అందరూ అంటున్నారు. ఆమెకు కరచాలనం చేసినవాళ్ళను లెక్కపెట్టాను. పద్దెనిమిది మంది.

ఆమె చేసిన ఆరింటిలో ఒక్క అక్షరం ఊడలేదు. ఒక్కటి కూడా.

12వ తేదీ, గురువారం

ఆవేశం లేకుండా రాస్తున్నాను.

షీట్లన్నీ ప్రింట్ తీసింది ఆమె. ఏ షీట్ ఎవరి చేతికి వెళ్ళాలో నిర్ణయించింది ఆమె. తన పని ఎవరూ చూడని చోట చేసుకుంది. ఊడినవి నావి, ఊడనిది తనది. తన షర్టు ఒక్కటే బాగుంటే అనుమానం వస్తుంది కనుక ఇంకో ఐదింటిని బాగుంచింది. నేను నవ్వులపాలయ్యాను, ఆ నవ్వుల మధ్య నుంచి ఆమె మెప్పు మూటగట్టుకుని దిగింది. మూడేళ్ళు రెండో కుర్చీలో కూర్చున్న మనిషికి మొదటి కుర్చీ ఎలా కనిపిస్తుందో ఊహించడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు.

నా పనిలో ఏదైనా లోపం ఉందేమోనని నిష్పక్షపాతంగా పరిశీలించాను. లేదు.

13వ తేదీ, శుక్రవారం

ఆమెను అడగను. అడిగితే జవాబు సిద్ధం చేసుకుంటుంది.

14వ తేదీ, శనివారం

ఫైనల్ గురించి మాట్లాడాలన్న నెపంతో తూకం ఇంటికి వెళ్ళాను. ఊడిన షర్టు, రాలిన ముక్కలు సంచిలో పెట్టుకున్నాను. టీ ఇచ్చింది. ముందు గదిలో ప్రింటర్ మీద గుడ్డ కప్పి ఉంది. దాని పక్కన ఖాళీ ప్యాకెట్లు రెండు, వేరువేరు రంగులవి.

"రెండు రకాల షీట్లు వాడావా?"

"మొదటి దాంట్లో పదే వచ్చాయి. ప్రయోగానికి ఒకటి పోయింది కదా, తక్కువైన మూడూ ఇంకో ప్యాకెట్ తెచ్చి తీశాను."

పది, ఒకటి, మూడు. లెక్క ఆమెకు నోటికి వచ్చు. నిజం చెప్పేవాళ్ళకు లెక్కలు అంత చప్పున గుర్తుకు రావు.

"ఆ ఊడిన ముక్క ఏదీ, ఇటివ్వు," అంది. ఇచ్చాను. వెనక వైపు బొటనవేలితో రుద్దింది. షర్టు తీసుకుని అక్షరాలు ఉండిన చోట రుద్దింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"హోటల్ దుప్పట్ల వాసన వస్తోంది. అత్త వీటిని డ్యూటీకి పట్టుకెళ్ళిందా?"

నా ముఖం మారలేదు. మారలేదనే నా నమ్మకం. ఒక్కసారిగా అంతా బోధపడింది: తన మీదికి రాబోయే నేరాన్ని అత్త మీదికి మళ్ళించడానికి దారి వెతుకుతోంది. ఆ మాట సంఘంలో పడితే సూపర్‌వైజర్‌కు చేరడానికి గంట చాలు.

"మా అత్త జోలికి రాకు," అన్నాను.

"రావట్లేదే. నేను చెప్పేది విను, ఆ గం..."

"అత్త ఊసు ఎత్తొద్దన్నానా."

ఊడిన ముక్కను నా చేతికి తిరిగి ఇచ్చేసింది. "సరే. టీ చల్లారిపోతోంది, తాగు."

తాగి వచ్చేశాను.

15వ తేదీ, ఆదివారం

తూకం మూడుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. సంజాయిషీ ఏదైనా ఉంటే సభలో చెప్పుకోవచ్చు.

నాలుగోసారి కూడా.

16వ తేదీ, సోమవారం

సమావేశం మొదలయ్యే ముందు తూకం నా దగ్గరికి వచ్చింది. "ఒక్క నిమిషం బయటికి రావే."

"ఏదైనా ఉంటే ఇక్కడే, అందరి ముందు చెప్పు."

ఆమె గదిలోకి ఒకసారి కలయజూసింది. ఆ చూపు రెండో వరుస దగ్గర ఆగి, తిరిగి వచ్చింది. రెండో వరుసలో సూపర్‌వైజర్ చెల్లెలు, ఆ పక్కన ఇద్దరు. "అయితే ఏం లేదు," అని వెళ్ళి కూర్చుంది.

అభియోగం పన్నెండు నిమిషాలు చదివాను. బాగా వచ్చింది. ఎక్కడా గొంతు పెంచలేదు. ప్రింటర్, రెండు రంగుల ప్యాకెట్లు, ఎంచుకున్న షర్టులు, ఒంటరిగా చేసిన పని, చివరికి మూడేళ్ళ రెండో కుర్చీ. అత్త పేరు ఎక్కడా రానివ్వలేదు. అత్తను కాపాడుతున్నాను అన్న స్పృహ నా వాక్యాలకు ఒక గాంభీర్యాన్ని ఇచ్చింది కూడా.

కార్యదర్శి గొంతు సవరించుకుని, "నువ్వేమైనా చెప్తావా?" అని తూకాన్ని అడిగాడు.

"షీట్లు నేనే ప్రింట్ తీశాను. అన్నీ ఒకేలా తీశాను. అంతకు మించి ఇక్కడ చెప్పేదేం లేదు."

"ఇక్కడ" అన్న మాటను పట్టుకుని ఇంకో ఐదు నిమిషాలు మాట్లాడాను. ఇక్కడ చెప్పలేనిది ఇంకెక్కడ చెబుతారు, మిత్రులారా? నిర్దోషికి జవాబు చెప్పడానికి గది మారాలా? ఎవరో బల్ల చరిచారు.

తూకాన్ని జట్టు నుంచి తప్పించాలన్న తీర్మానానికి ఏడుగురు అనుకూలం. ముగ్గురు వ్యతిరేకం. ఒకరు ఎటూ ఎత్తలేదు. తూకం తన మీద తానే ఓటు వేయడం బాగుండదని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఫైనల్లో రెండో వక్తగా కార్యదర్శి.

వెళ్తూ వెళ్తూ నా కుర్చీ పక్కన ఆగి, నాకు మాత్రమే వినిపించేలా, "ఇదంతా ఇంట్లో అత్తకి చెప్పకు," అంది.

సిగ్గు ఇప్పటికి తెలిసిందన్నమాట.

17వ తేదీ, మంగళవారం

గెలిచాను.

"ఆ పిల్ల రావట్లేదేంటే?" అంది అత్త. పరీక్షలున్నాయని చెప్పాను. "నీకు లేవా మరి?" అంది.

గెలిచాను.

18వ తేదీ, బుధవారం

పాడైన ఆరింటికి బదులు కొత్త షర్టులు కార్యదర్శి కొన్నాడు. షీట్లు కూడా అతనే కొని, దుకాణంలో ప్రింట్ తీయించి తెచ్చాడు. తూకం నీడ కూడా పడలేదు. పాడైన వాటిలో అతనిదీ ఒకటి, అయితే అతని భుజాలకు సరిపడే కొలత దుకాణంలో దొరకలేదు, రేపు వస్తుంది. మిగతా ఐదూ అత్తకు ఇచ్చాను.

"మళ్ళీ గంజేనా? ముందువి ఏమయ్యాయి?"

"ఫైనల్‌కి కొత్తవి, అత్తా."

"చూశావా, అందరికీ నచ్చాయన్నమాట," అంది. సంచి భుజానికి తగిలించుకున్న తీరులో ఒక దర్జా ఉంది.

19వ తేదీ, గురువారం

మధ్యాహ్నం ఆరింటినీ నొక్కాను. అత్త తెచ్చిన ఐదు, నేరుగా దుకాణం నుంచి వచ్చిన కార్యదర్శిది ఒకటి. ఈసారి వేదిక దాకా ఆగదలచుకోలేదు. చల్లారాక తడిగుడ్డతో అక్షరాల మీద అద్ది, చెమట పట్టినంత తడి చేసి, అరగంట వదిలేశాను.

ఐదింటి మీద అంచులు లేచాయి. కార్యదర్శి షర్టు మీద ఏమీ కాలేదు.

అయితే అది అతని పనే. ఆవేశం లేకుండా రాస్తున్నాను. షీట్లు కొన్నది అతను. ప్రింట్ తీయించింది అతను, ఎవరూ చూడని చోట. ఊడినవి మావి, ఊడనిది తనది. తూకం తప్పుకోవడంతో వేదిక ఎక్కే అవకాశం వచ్చింది ఎవరికి? మూడేళ్ళు కార్యదర్శి కుర్చీలో కూర్చున్న మనిషికి

ఈ వాక్యం నేను ఇంతకు ముందు రాశాను.

వెనక్కి తిప్పి పన్నెండో తేదీ చదివాను. పేరు ఒక్కటే మారింది. కుర్చీ కూడా ఉంది. కొలతలు తీయకుండా కుట్టిన చొక్కాలా ఆ అభియోగం ఎవరికి తొడిగినా సరిపోతుంది. నాన్నకు తొడిగినా సరిపోతుంది, పాపం ఆయన షీట్లను కంటితో చూడను కూడా లేదు.

తర్వాత పద్నాలుగో తేదీ చదివాను. ఆ తర్వాత అయిదో తేదీ.

వంటింట్లో గిన్నెడు గోరువెచ్చని నీళ్ళలో ఒక షర్టు వేసి పిసికాను. నీళ్ళు జిగటగా, తెల్లగా అయ్యాయి. అక్షరాలు పొరలా తేలి వచ్చాయి. వాటి వెనక పలుచని, నున్నటి గంజి పొర ఉంది. అక్షరాలు దాన్ని పట్టుకున్నాయి. నూలును ఎన్నడూ తాకనే లేదు. కార్యదర్శి షర్టును అదే నీళ్ళలో పిసికాను. ఏమీ కాలేదు.

తూకానికి ఆ శనివారమే తెలుసు. బొటనవేలితో రుద్దినప్పుడే తెలుసు. నాకు చెప్పబోయింది. ఫోన్‌లో చెప్పబోయింది. బయటికి పిలిచి చెప్పబోయింది. అందరి ముందు చెప్పమన్నాను. రెండో వరుస వైపు చూసి మానుకుంది. అక్కడ చెప్పి ఉంటే తను బయటపడేది, అత్త పని పోయేది.

పన్నెండు నిమిషాలు చదివాను. బాగా వచ్చిందని రాసుకున్నాను.

సాయంత్రం

ఐదు షర్టులనూ మూడుసార్లు జాడించి ఆరేశాను. కార్యదర్శిని ఇంకో ఐదు షీట్లు అడిగాను. అత్త పెరట్లోకి వచ్చి తీగ మీది షర్టును ముట్టుకుంది.

"ఇవి మళ్ళీ మెత్తబడ్డాయేంటే?"

"వాన పడింది."

అత్త ఆకాశం వైపు చూసింది. తర్వాత పొడిగా ఉన్న పెరటి వైపు, తర్వాత నా వైపు. నేను ఇంకో షర్టు అంచు లాగి సరిచేశాను.

"నీ షర్టులు, నీ వాన," అని లోపలికి వెళ్ళిపోయింది.

20వ తేదీ, శుక్రవారం

సమావేశం నేనే పిలిచాను. ఏం చెప్పాలో రాసుకోలేదు. రాసుకుంటే బాగా వస్తుందని భయం వేసింది.

"సోమవారం నేను చదివిందంతా తప్పు," అన్నాను. "షర్టులకి గంజి పెట్టడం వల్ల అక్షరాలు ఊడాయి. ఏ పూతా ఉండకూడదని కాగితంలో రాసి ఉంది, నేను చదివాను, లెక్క చేయలేదు. తూకం తప్పేమీ లేదు. తీర్మానం రద్దు చేయండి."

"గంజి ఎవరు పెట్టారు?" కార్యదర్శి అడిగాడు.

"నేనే. మా వంటింట్లో."

సూపర్‌వైజర్ చెల్లెలు తల పైకెత్తింది. "ఇంట్లోనా? ఆ షర్టు నేనూ వేసుకున్నాను. చేత్తో పెడితే ఉండలు కడుతుంది, మరకలు పడతాయి. అంత సమంగా పెట్టడం ఇంట్లో కుదరదని అన్నయ్య అంటుంటాడు."

జీవితంలో మొదటిసారి, ఏ ఆధారమూ లేని ఒక అబద్ధాన్ని సభ ముందు నిలబెట్టవలసి వచ్చింది.

"కుదరలేదు కాబట్టే కదా, ఊడిపోయింది," అన్నాను.

నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కార్యదర్శి చేతులెత్తమన్నాడు. పదకొండు చేతులు లేచాయి, నాతో కలిపి. రేపు తూకం వస్తే తను తప్పుకుంటానని కూడా అన్నాడు. అతని గురించి నిన్న రాసిన సగం వాక్యం గుర్తొచ్చి అతని ముఖం చూడలేకపోయాను.

అక్కడి నుంచి నేరుగా తూకం ఇంటికి వెళ్ళాను. లోపలికి రమ్మంది. అదే కుర్చీ. టీ ఇచ్చింది.

"అందరి ముందు చెప్పాను. గంజి నేనే పెట్టానని చెప్పాను. అత్త పేరు రాలేదు."

"సూపర్‌వైజర్ చెల్లెలు అడగలేదా?"

"అడిగింది. నవ్వించి తప్పించుకున్నాను."

"మంచి పని చేశావ్." నిజంగానే అంది. ఆమె భుజాలు కాస్త దిగాయి.

"తీర్మానం రద్దయింది. రేపు నువ్వు ఎక్కవచ్చు. నువ్వే మొదట మాట్లాడు, నేను రెండో కుర్చీలో కూర్చుంటాను."

ఆమె గ్లాసును బల్ల మీద అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది.

"ఒకటి అడుగుతా. ఆ శనివారం వచ్చావు కదా. ఇక్కడే కూర్చుని టీ తాగావు. ఇదంతా చేసింది నేనేనని అప్పుడు నిర్ణయించుకున్నావా, రాకముందేనా?"

నా దగ్గర మూడు జవాబులు ఉన్నాయి. అనుమానానికీ నిర్ణయానికీ ఉన్న తేడా గురించి ఒకటి. ప్యాకెట్లు చూసే దాకా సందిగ్ధంలోనే ఉన్నానని ఇంకొకటి. ఆమె ప్రశ్ననే ప్రశ్నించేది మూడోది. మూడూ నిలబడతాయి.

"రాకముందే," అన్నాను.

ఆమె తల ఊపింది. తెలిసిన సంగతిని మరొకరి నోట విన్నప్పుడు ఊపినట్టు.

"రేపు నేను రాను. కార్యదర్శితోనే వెళ్ళు, అతను బాగానే సిద్ధమయ్యాడు." గ్లాసులు రెండూ తీసుకుని లేచింది. వంటింటి గుమ్మంలో ఆగింది. "అత్తని చూసి పది రోజులు దాటింది. ఒకసారి వస్తాను. నువ్వు ఎప్పుడు ఇంట్లో ఉండవో చెప్పు."

నేను తడుముకోలేదు.

"మంగళ, గురువారాలు," అన్నాను. "మూడు నుంచి ఐదు దాకా క్లాసులుంటాయి."

21వ తేదీ, శనివారం

ఓడిపోయాం. ముగ్గురు న్యాయనిర్ణేతలూ అటే మొగ్గారు. కార్యదర్శి నాకంటే బాగా మాట్లాడాడు. అక్షరాలు ఊడలేదు.

24వ తేదీ, మంగళవారం

మూడింటికి ఇంట్లోంచి బయల్దేరాను. "ఇప్పుడెక్కడికే?" అంది అత్త. క్లాసు అన్నాను. మంగళవారం మధ్యాహ్నం నాకు క్లాసులు లేవు.

గ్రంథాలయంలో కిటికీ పక్కన కూర్చుని ఇది రాస్తున్నాను. గోడ గడియారం మూడూ యాభై చూపిస్తోంది. ఐదు కావడానికి ఇంకా గంటా పది నిమిషాలు.